సర్దారు కర్ర చప్పుడు

సైరన్ కూసినప్పుడు ఆరో నంబరు బొగ్గు బాయిలో నూట నలభై మంది ఉన్నారు. నూట నలభై మందీ పరుగెత్తారు. పరుగెత్తమని నేర్పింది ఆ సైరన్ పెట్టించిన స్వరూపే. ఆ కూత చెవిన పడగానే చేతిలో ఉన్నది అక్కడే పడేసి పైకి వచ్చెయ్యాలని, వెనక్కి తిరిగి చూడొద్దని ఒక్కొక్క షిఫ్టునూ కూర్చోబెట్టి నూరిపోసింది. వాళ్లు అంత శ్రద్ధగా వింటారని పాపం ఆమె మాత్రం అనుకుందా!

పైకప్పు కూలలేదు. ఒక్క పెళ్ల రాలలేదు. కూలింది మల్లారపు భీమయ్య. యాభై ఎనిమిదేళ్ల మనిషి, ఇంకో రెండేళ్లలో ఉద్యోగం దిగిపోవాల్సినవాడు, ఆ తొక్కిసలాటలో పట్టాల మీద బోర్లా పడ్డాడు. వెనకొచ్చినవాళ్లు ఆయన నడుము మీదుగా, మెడ మీదుగా దాటిపోయారు. ఎవడో వదిలేసిన ఖాళీ బొగ్గు టబ్బు వాలులో దొర్లుకుంటూ వచ్చి ఆయన కుడి పాదాన్ని చీలమండ దగ్గర కోసేసింది. స్ట్రెచరు మీద పైకి తెస్తుంటే భీమయ్య అడిగింది ఒకటే మాట. "నా బూటు తెచ్చిన్రా? కొత్త బూటయ్యా అది."

బూటు తెచ్చారు. పాదం అందులోనే ఉంది. స్వరూప దాన్ని చూసి, ప్రయోగశాల వెనక్కి పోయి, గోడ పట్టుకుని కడుపులో ఉన్నదంతా కక్కుకుంది.

అది తప్పుడు కూత. ఆ నెలలో నలభయ్యొకటోది. బాయి మేనేజరు విఠల్‌రావు ఆమెను పిలిపించి కూర్చోమని కూడా అనలేదు. "డాక్టరు గారూ, మీ యంత్రం కాపాడుతుందా, చంపుతుందా? ఏదో ఒకటి తేల్చి చెప్పండి" అన్నాడు.

ఆ యంత్రం సంగతి చెప్పాలి. మామూలు లేజరు వెలుగు కంటికి ఒకే రంగుగా కనిపించినా లోపల వేల స్వరాలు కలిసిపోయి ఉంటాయి. స్వరూప పన్నెండేళ్లు కళ్లు పాడుచేసుకుని తయారుచేసిన లేజరు ఒక్క స్వరమే పలుకుతుంది. ఏడాది పొడుగునా వెంట్రుకవాసి కూడా తప్పదు. ఆ వెలుగును జుట్టంత సన్నటి గాజు తీగలోకి పంపితే, తీగ పొడవునా ప్రతి చోటు నుంచీ చిటికెడు వెలుగు వెనక్కి తిరిగి వస్తుంది. తీగ ఎక్కడ కదిలితే అక్కడి నుంచి వచ్చిన వెలుగు శ్రుతి తప్పుతుంది. అంతే. బాయి లోపల పైకప్పు పొడవునా అంటించిన పదకొండు కిలోమీటర్ల తీగ ఒకే చెవి అయిపోయింది. ఒక చోట తెగితే రెండో కొస నుంచి వినేట్టు దాన్ని వలయంలా తిప్పి వేశారు. బాయి గడ్డ మీద, తన గదిలో కూర్చుని, రెండు కిలోమీటర్ల లోపల ఒకడు బీడీ కట్ట జేబులో దోపుకున్నా ఆమెకు వినిపించేది. ఆ లేజరు ఉన్న డబ్బా మాత్రం మహా పెంకిది. దాని పక్కన ఎవరైనా గట్టిగా తుమ్మితే చాలు, కింద అంతా చెవుడు.

ఆ చెవి ఉన్నది రాయి మాట వినడానికి. కప్పు కూలే ముందు బండ లోపల టిక్కుమని చిట్లుతుంది. ఆ చిట్లుడు మనిషి చెవికి ఆనదు. యంత్రం వింటుంది, సైరన్ కూస్తుంది. బాగానే ఉంది. కానీ షిఫ్టు మొదలవగానే బాయిలో కూలీల ప్రాణాలకు పూచీ పడే సర్దారు చేసే మొదటి పని ఏమిటి? ఇనుప పొన్ను తొడిగిన కర్రతో అడుగడుగునా కప్పును కొట్టి చూడటం. ఖంగుమంటే గట్టిది, డొల్లగా పలికితే కింద ఎవరూ నిలబడకూడదు. ఎప్పటి నుంచో వస్తున్న పద్ధతి. ఆ పొన్ను దెబ్బ యంత్రానికి బండ చిట్లినట్టే వినిపిస్తోంది. సర్దారు కొట్టినప్పుడల్లా కాదుగానీ, గట్టిగా కొట్టినప్పుడు కూసేస్తోంది.

ఆ సర్దారు మరెవరో కాదు, స్వరూప సొంత అన్న మొగిలి.

ఆ సాయంత్రం ఆమె అన్న క్వార్టరుకు పోయింది. వాళ్ల నాయన ఇదే బాయిలో కప్పు కూలి మీద పడి పోయినప్పుడు మొగిలికి పందొమ్మిదేళ్లు, స్వరూపకు ఎనిమిది. నాయన ఉద్యోగంలోకి మొగిలి దిగాడు. చెల్లెల్ని బెంగళూరు దాకా చదివించాడు. ఆమె ఇంత చదివి ఏ విదేశమో పోకుండా తిరిగి బాయి గడ్డకే వచ్చి ఈ చెవిని తయారుచేసిందంటే, ఆ కూలిన కప్పు కోసమే. మళ్లీ ఈ ఇంట్లో ఎవరూ అట్లా పోకూడదని.

"ఏందే పిల్లా, మొఖం గట్ల పెట్టినవ్?" వదిన కనకలక్ష్మి పళ్లెంలో జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. "నీ మిషనుకు మా ఇంట్ల సప్పుడు గూడ ఇనబడ్తదా ఏంది? మీ అన్న గురక వింటే అది సైరన్ కొట్టుకుంట సస్తది."

మొగిలి నవ్వలేదు. "భీమన్న కాలు పోయింది నా కర్రకే గదా" అన్నాడు.

"నీ కర్రకు కాదన్నా. నా మిషనుకు తెలివి లేక."

"మరి తెలివి నేర్పు. ఎన్ని దెబ్బలు గావాలో చెప్పు, కొడ్త."

కొట్టాడు. మూడు నెలలు, షిఫ్టు అయిపోయాక కూడా ఉండి, గట్టి కప్పు, డొల్ల కప్పు, బొగ్గు, ఇసుకరాయి, దగ్గర, దూరం, నెమ్మదిగా, కోపంగా. నలభై వేల దెబ్బలు. స్వరూప వాటన్నిటినీ యంత్రానికి నేర్పింది. కర్ర దెబ్బ వినిపిస్తే అది బాయి మొగదల ఉన్న పెట్టెలోనే రాలిపోతుంది, స్వరూప గదిలోని తెర దాకా రాదు. మనుషుల నడక, మాట, టబ్బుల రొద అన్నీ ఉంచింది. కర్ర దెబ్బ ఒక్కటే తీసేసింది. ఆ తర్వాత ఎనిమిది నెలలు ఒక్క తప్పుడు కూత లేదు. కూలీలు ఆమె కనబడితే ఆగి పలకరించడం మొదలుపెట్టారు. భీమయ్య కూడా, చంకలో కర్ర పెట్టుకుని, "మంచిగ జేసినవ్ బిడ్డా" అన్నాడు. ఆమెకు ఏడుపొచ్చింది.

మంగళవారం, మొదటి షిఫ్టు. తొమ్మిదీ ముప్పై ఆరుకు సైరన్ కూసింది.

ఈసారి నిజం. అరవై రెండో లెవెల్లో బండ లోపల చిటపటలు ఒక్కుమ్మడిగా మొదలయ్యాయి. స్వరూప తెర మీద అవి చూస్తూ, లేచి నిలబడి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. కింద నుంచి జనం వస్తున్నారు. వంద, నూట పది, నూట ముప్పై. లెక్కపెట్టే గుమాస్తా "ఇంక ఐదుగురు" అన్నాడు. చిట్టచివరి మూలన నలుగురు కూతను నమ్మకుండా ఇంకో టబ్బు నింపుతున్నారట. వాళ్లను లాక్కురావడానికి సర్దారు మొగిలి వెనక్కి పోయాడు.

తొమ్మిదీ నలభైకి కప్పు కూలింది.

గడ్డ మీద నేల అదిరింది. బాయి నోట్లో నుంచి నల్లటి గాలి బుసకొట్టుకుంటూ వచ్చి, మొగదల నిలబడ్డ ఇద్దర్ని ఎత్తి రేకుల షెడ్డుకు కొట్టింది. ఒకడి దవడ విరిగింది. లోపల ఎనభై మీటర్ల పొడవున గది గదంతా మూసుకుపోయింది. వేల టన్నుల బండ బొగ్గును ఒరుసుకుంటూ దిగితే ఏమవుతుందో అదే అయింది. పదకొండు గంటలకల్లా పొగ. మధ్యాహ్నానికి విషవాయువు. ఎక్కడో నిప్పు రాజుకుంది.

నిప్పు పుట్టిన బాయిని ఏం చేస్తారో బొగ్గు గడ్డ మీద అందరికీ తెలుసు. ఆ వైపు పోయే దారులకు ఇటుక గోడ కట్టి గాలి ఆడకుండా మూసేస్తారు. లేకుంటే బాయి అంతా పేలుతుంది. లోపల మనుషులు ఉన్నారా, బతికి ఉన్నారా అన్నదే ప్రశ్న. ఒంటిగంటకు విఠల్‌రావు స్వయంగా ప్రయోగశాలకు వచ్చాడు. ఈసారి తనే నిలబడ్డాడు, ఆమెను కూర్చోమన్నాడు.

"మీ చెవి ఏమంటోంది?"

తీగ ఆ వైపు తెగినా, రెండో కొస నుంచి వినిపిస్తోంది. స్వరూప మూడు గంటలుగా వింటోంది. బండ సర్దుకునే చప్పుడు. నీటి చుక్క. అడుగు చప్పుడు లేదు. మాట లేదు. అరుపు లేదు. బీడీ కట్ట చప్పుడు వినే చెవికి మనిషి అలికిడి అందలేదు.

"ఎవరూ లేరు" అంది.

"రాసివ్వాలమ్మా. మీ అన్న అని తెలుసు. అయినా రాసివ్వాలి."

రాసిచ్చింది. సొంత అన్న చావు మీద సంతకం పెట్టింది. రాయి గుండె అయి కాదు, ఇంకేం చేస్తుంది! యంత్రం అబద్ధం చెప్పదని ఆమె నమ్మకం. గోడ లేవడం మొదలైంది.

మూడు గంటలకు తలుపు తన్నుకుని కనకలక్ష్మి వచ్చింది. వెనక వాకిట్లో రెండు వందల మంది. మొదటి దెబ్బ చెప్పుతో కొట్టింది. రెండోది చేత్తో. మూడోదానికి స్వరూప కింద పడింది. జుట్టు పట్టుకుని, తలను నేలకేసి కొడుతూ, "రాసిచ్చినవా! రాసిచ్చినవా! తోడబుట్టినోన్ని బతికుండంగ బొందపెడ్తివి గదనే!" అని ఒకటే కేక. స్వరూప పెదవి చిట్లి నోరంతా ఉప్పగా అయింది. అడ్డుకోలేదు. కొట్టాల్సిన దెబ్బలే అనిపించింది.

"వదినె, ఏం ఇనబడలేదే" అంది చివరికి. "ఒక్క అడుగు గూడ ఇనబడలేదు. ఒక్క కేక గూడ లేదు."

"ఎట్ల ఇనబడ్తది? నీకేమన్న తెలుసా? గాలి దక్కువున్న కాడ ఒర్లద్దు, తిరుగద్దు, పడుకోని కొట్టాలె అని ఆయనే గదా అందరికి నేర్పేది! ఎవడొర్లుతడు? ఎవడు నడుస్తడు? సేతిల కర్ర ఉన్నోడు కొట్టకుంట ఉంటడా?"

కర్ర దెబ్బ. యంత్రం నుంచి స్వరూప తీసేసింది అదొక్కటే.

పాకుకుంటూ బల్ల దగ్గరికి పోయింది. పెదవి నుంచి కారే నెత్తురు మీటల మీద పడుతోంది. బాయి మొగదల పెట్టె జల్లెడ పట్టకముందు, తీగ నుంచి వచ్చిన వెలుగు వచ్చినట్టే ఒక రోజు పాటు నిలవ ఉంటుంది. ఎనిమిది నెలల్లో దాన్ని ఎవరూ తెరవలేదు. ఆమె కూడా. తెరిచింది. పొద్దున పది గంటల దగ్గర పెట్టి హెడ్‌ఫోను తగిలించుకుంది.

టక్. టక్. టక్. ఆగి, మళ్లీ టక్, టక్, టక్.

ఇనుప పొన్ను దెబ్బ. ఆ చప్పుడు ఆమెకు నలభై వేల సార్లు తెలుసు. తొమ్మిదీ యాభై ఎనిమిది నుంచి మొదలైంది. ఐదు గంటలు, ఒక్క నిమిషం ఆపకుండా మొగిలి కొడుతూనే ఉన్నాడు. అతని పక్కన ఇంకెవరో ప్రతి దెబ్బతో పాటే, అందులో కలిసిపోయేట్టు, రాయితో మెల్లగా కొడుతున్నారు. ఐదు గంటలూ ఆమె యంత్రం ఆ దెబ్బలను ఒక్కొక్కటిగా ఏరి పారేసింది. చేసిన పనిని ఎంత చక్కగా చేసిందో! స్వరూప తల బల్లకేసి కొట్టుకుని గొల్లుమంది.

"బతికున్నడు వదినె. కొడ్తాండు. మూడేసి కొడ్తాండు."

మూడంటే ఏమిటో కనకలక్ష్మికి చెప్పనక్కర్లేదు. టబ్బుల తాడు లాగే ఇంజనుకు కింద నుంచి గంట కొడతారు. మూడు కొడితే పైకి లాగు. ఒకటి కొడితే ఆగు. బొగ్గు గడ్డ మీద చిన్నపిల్లలు కూడా ఈ గంటలతోనే ఆటలాడతారు.

ఇప్పుడు కొడుతున్నాడో లేదో చూద్దామని స్వరూప తీగకు నేరుగా చెవి పెట్టింది. ఏమీ వినిపించలేదు. బయట జనం తలుపులు గుద్దుతున్నారు, బూతులు తిడుతున్నారు, కిటికీకి రాయి పడి అద్దం పగిలింది. డబ్బాలో లేజరు ఆ అదురుకు శ్రుతి తప్పి కొట్టుకుంటోంది. తెర అంతా గీతలు.

"సప్పుడు జేస్తే ఇనబడదే! డబ్బ అదుర్తాంది!"

కనకలక్ష్మి వాకిట్లోకి పోయింది. కొప్పు ఊడి, చేతికి ఆడబిడ్డ నెత్తురు అంటి, గడప మీద నిలబడింది. "నోర్మూస్కోండ్రి!" అని అరిచింది. "నా మొగని సప్పుడు ఇనబడ్తలేదు!"

రెండు వందల మంది ఉన్నచోట ఉన్నట్టు ఆగిపోయారు. ఏడుస్తున్న పిల్లల నోళ్లు తల్లులు చేత్తో మూశారు. తెర మీద గీతలు సర్దుకున్నాయి. రెండు వేల మూడు వందల పద్దెనిమిది మీటర్ల దగ్గర, బలం తగ్గినా లయ తప్పకుండా, మూడు. ఆగి, మూడు.

గోడ ఆపాలి. స్వరూప కబురందుకుని విఠల్‌రావు కిందికి ఫోను చేస్తూ ఉండగానే జనం ఆయన ఆఫీసులో పడ్డారు. ఎవరో ఇనుప టోపీతో ఆయన నెత్తి మీద కొట్టారు. నుదురు చీలి చొక్కా అంతా ఎర్రబడింది. ఇంకొకడు మెడలో కండువా బిగించాడు. రెస్క్యూ కెప్టెన్ ఐలయ్య వచ్చి, వాళ్లను ఈడ్చిపారేసి, "ఆయనను సంపితే మొగిలన్న అస్తడారా? గోడ సగమే లేసింది, నేను పోతాన" అన్నాడు. ఐలయ్య మొగిలి చేతి కింద పని నేర్చుకున్నవాడు. అతని వెంట ఇంకో ఐదుగురు, అందరి వీపునా ఆక్సిజన్ సిలిండర్లు.

విఠల్‌రావు గుడ్డతో నుదురు అదుముకుంటూ స్వరూపకు ఫోను చేశాడు. "గోడ మూసేస్తే నిప్పు చల్లారుతుంది. తెరిచి ఉంచితే ఏ నిమిషాన పేలుతుందో చెప్పలేను. మీ మాట మీద ఆరుగురిని పంపుతున్నాను. లోపల మీ చెవి ఒక్కటే ఉంది. మీరు ఆగమంటే వాళ్లు ఆగుతారు. పొమ్మంటే పోతారు."

నాలుగూ పదికి ఐలయ్య గోడ దాటాడు. అతని టోపీకి ఫోను తీగ ఉంది, మాట నేరుగా స్వరూపకు వస్తుంది. ఆరు జతల బూట్లు ఆమె తెర మీద నడుస్తున్నాయి. ఒక పక్క అన్న కర్ర, ఒక పక్క బూట్లు, మధ్య దూరం తగ్గుతోంది. రెండు వందల ఎనభై మీటర్లు. రెండు వందల ముప్పై. పాత పక్క దారి పొగతో నిండి కంటికి చెయ్యి కనిపించడం లేదట. బూటు తగిలి శవం ఒకటి దొరికింది. తల లేదు. "మొగిలన్న కాదు" అన్నాడు ఐలయ్య, అంతే. నూట ఎనభై. రాయి చప్పుడు ఆగిపోయింది. కర్ర ఒక్కటే మిగిలింది. కనకలక్ష్మి ఆడబిడ్డ పక్కనే నేల మీద చతికిలబడి, ఆమె ముఖాన్నే చూస్తోంది. ఇందాక కొట్టిన చేత్తోనే ఆమె మోకాలు పట్టుకుంది.

"దగ్గరికొచ్చిన్రా?"

"నూటిరవై."

తొంభై మీటర్ల దగ్గర ఏదో గర్జించినట్టు చప్పుడు మొదలైంది. ఎక్కడిదో, ఏమిటో స్వరూపకు తెలియలేదు. బండ కాదు, నీరు కాదు. సగం గోడ మీదుగా పోతున్న గాలి పీల్చుకుని నిప్పు లేస్తోందని తెలుసుకోవడానికి బాయిలో ఇరవై ఆరేళ్లు పనిచేసి ఉండాలి. ఆ ఇరవై ఆరేళ్లూ పనిచేసినవాడు అవతల ఉన్నాడు. ఐలయ్య వాళ్ల బూట్ల చప్పుడు కూడా అతనికి వినిపించే దూరమే.

కర్ర ఆగింది.

టక్.

చాలాసేపు ఏమీ లేదు. మళ్లీ, టక్.

ఒకటి. ఒక్కటే.

అలిసిపోయి ఒకటి కొడుతున్నాడేమో అనుకుంది. కాదు, ఆ దెబ్బలో ఉన్న బలం పొద్దుటి బలం. ఒంట్లో ఉన్న శక్తినంతా కూడగట్టుకుని ఒకటి కొట్టి ఆపుతున్నాడు. ఒకటి. ఒకటి. తప్పు వినడానికి వీల్లేకుండా, మధ్యలో కావాలని అంత విడిచిపెట్టి కొడుతున్నాడు. చిన్నప్పుడు ఎక్కం అప్పజెప్పించుకునేటప్పుడు చెల్లెలికి అర్థం కాకపోతే ఇట్లాగే ఆగి ఆగి చెప్పేవాడు.

చెప్పకపోతే? ఆ మాట ఆమె మనసులోకి వచ్చింది, దాచేదేముంది. తొంభై మీటర్లు, ఐదు నిమిషాలు. ఎవరికి తెలుస్తుంది? విన్నది తనొక్కతే. ఐలయ్య పోతాడు, అన్నను భుజాన వేసుకుంటాడు, వస్తాడు. ఆరుగురి పెళ్లాలు వాకిట్లో నిలబడి ఉన్నారు. అందులో ఒకామె కడుపుతో ఉంది, పొద్దున ప్రయోగశాల గోడకు ఆనుకుని నిలబడటం స్వరూప చూసింది. పదకొండు దెబ్బలు విన్నది. పదకొండు దాకా చెప్పలేదు. పన్నెండోదానికి ఫోను నోటి దగ్గర పెట్టుకుంది.

"ఐలయ్యా, ఆగు. ఎనక్కి రా."

"తొంభై మీటర్లక్కా! ఇంకెంత!"

"మొగిలన్న ఆగుమంటాండు. ఒకటి కొడ్తాండు. సర్దారు మాట."

ఆరో నంబరు బాయిలో సర్దారు ఆగమంటే మేనేజరైనా సరే ఎత్తిన కాలు దించకూడదు. ఐలయ్య నెమ్మదిగా, ఏడుపు గొంతుతో, "సరే" అన్నాడు. బూట్లు వెనక్కి తిరిగాయి.

స్వరూప ఫోను దించేలోపే కనకలక్ష్మి ఆమె గొంతు పట్టుకుంది. రెండు చేతుల్తో పట్టుకుని గోడకు ఒత్తింది. "ఎందుకాపినవే? ఎందుకాపినవ్?" స్వరూపకు కళ్లు చీకట్లు కమ్ముతున్నాయి. మాట రాదు. చేతికి అందిన హెడ్‌ఫోను తీసి వదిన తలకు తొడిగింది.

కనకలక్ష్మి చేతులు మొదట బిగుసుకునే ఉన్నాయి. తర్వాత కొంచెం వదులయ్యాయి. తర్వాత జారిపోయాయి. ఆమె అట్లాగే కుర్చీలో కూలబడి, రెండు అరచేతులతో హెడ్‌ఫోనును చెవులకు అదుముకుంది.

నాలుగూ నలభై మూడుకు పేలింది. ఐలయ్య వాళ్లు అప్పటికి గోడ దాటి ఇవతల ముప్పై అడుగుల దూరంలో ఉన్నారు. మంట గోడను ఇటుక ఇటుకగా విసిరికొట్టింది. ఇద్దరికి వీపులు కాలాయి, ఐలయ్యకు ఎడమ చెయ్యి విరిగి ఎముక బయటికి వచ్చింది. అందరూ బతికే పైకి వచ్చారు. ఆరుగురూ. కడుపుతో ఉన్న పిల్ల మొగుడి కాళ్ల మీద పడి వదల్లేదు. గదిలో మిగిలిన అద్దాలన్నీ రాలాయి. లేజరు ఒక్క క్షణం తడబడి మళ్లీ తన స్వరం పట్టుకుంది.

ఇక ఆ వైపు మొత్తాన్నీ పై లెవెల్లోనే మూసెయ్యాలి. సిమెంటు సంచులు, ఇసుక, మనుషులు సిద్ధం. విఠల్‌రావు నుంచి ఫోను వచ్చింది. "మేడం, మూయమంటారా?"

స్వరూప జవాబు చెప్పడానికి నోరు తెరిచింది. కనకలక్ష్మి చెయ్యెత్తి ఆపింది. కళ్లు మూసుకుని ఉంది. పెదవులు కదిలాయి. "ఒకటి" అంది.

పేలుడు తర్వాత కూడా.

"ఇంకా ఉన్నడు సార్" అంది స్వరూప. "ఇంకా కొడ్తున్నడు."

ఐదున్నరకు మళ్లీ ఫోను. నిప్పు కింది దారికి పాకుతోంది, ఎక్కువసేపు ఆగలేమన్నాడు. రెండోసారి మూయమనే మాట స్వరూప నోట రాదు, చంపినా రాదు. విఠల్‌రావు అర్థం చేసుకున్నాడో ఏమో, "ఉంటాను" అని పెట్టేశాడు. ఆయన నుదుటికి ఏడు కుట్లు పడ్డాయి. కుట్లు వేయించుకున్నాక ఇంటికి పోలేదు, సిమెంటు సంచుల పక్కనే కూర్చున్నాడు.

వాకిట్లో జనం మాట్లాడకుండా కూర్చున్నారు. ఒకరూ లేచిపోలేదు. భీమయ్య చంకకర్ర పక్కన పెట్టుకుని మెట్టు మీద ఉన్నాడు. ఎవరో చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చారు, స్వరూప వదిన నోటికి అందించింది. ఆమె తాగింది, కళ్లు తెరవకుండానే. దెబ్బకూ దెబ్బకూ మధ్య వ్యవధి పెరుగుతూ పోయింది. కనకలక్ష్మి ఒక్కొక్క దెబ్బకూ తల కొంచెం ఊపుతోంది, ఇంటికి ఆలస్యంగా వచ్చిన మొగుడి మాటకు ఊ కొట్టినట్టు. తల ఊపడాన్ని బట్టే స్వరూపకు తెలుస్తోంది. ఆమె హెడ్‌ఫోను అడగలేదు.

ఆరు దాటాక తల ఊపడం బాగా తగ్గింది. ఆరున్నరకు ఒకసారి. ఆ తర్వాత చాలాసేపటికి ఒకసారి, అనుమానంగా. కనకలక్ష్మి ముందుకు వంగి, నుదురు బల్లకు ఆనించి, ఇంకా గట్టిగా వింది. విని, విని, ఏడుంబావుకు హెడ్‌ఫోను తీసింది. తీగ చిక్కు పడకుండా చుట్టి బల్ల మీద పెట్టింది. చీర కొంగుతో ఆడబిడ్డ పెదవి మీద ఎండిన నెత్తురు తుడిచింది.

"అలిసిపోయిండు" అంది. "ఇగ మూసుమను."

స్వరూప ఫోను అందుకుంది.